నలభై ఆరు కిలోలు పోగా మిగిలిన ఇల్లు

అమెరికా చదువుకు వెళ్లే పిల్లలకు చాలా విమాన సంస్థలు రెండు పెట్టెలు అనుమతిస్తాయి, పెట్టెకు 23 కిలోల చొప్పున. మొత్తం 46 కిలోలు. ప్రెషర్ కుక్కరు, ఆవకాయ, కందిపొడి, చలికోటు, రెండు జతల బూట్లు, అమ్మమ్మ ఇచ్చిన చిన్న వినాయకుడు, అన్నీ అందులోనే సర్దాలి. జులై, ఆగస్టు నెలలు వచ్చాయంటే హైదరాబాదులోని తార్నాక, హబ్సిగూడ ఇళ్లల్లో ఇదే తంతు. హాలు మధ్యలో పెట్టె, పక్కన తూకం మిషను, అర కిలో ఎక్కువైందంటే గోంగూర పచ్చడి తియ్యాలా జీన్స్ ప్యాంటు తియ్యాలా అని తండ్రీకొడుకుల వాదన. తల్లి ఎవరూ చూడకుండా పచ్చడి సీసా మళ్లీ లోపల పెట్టేస్తుంది. తెల్లవారుజామున కారు శంషాబాదు దారి పడుతుంది. ఆ 46 కిలోల్లో పట్టనిదంతా ఇంట్లో ఉండిపోతుంది.

2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మందని అక్కడి ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క చెప్పింది. ఆ ఏడాదే మనవాళ్లు చైనా విద్యార్థులను దాటి మొదటి స్థానంలోకి వచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో తెలుసుకోవాలంటే నివేదికలు తిరగెయ్యక్కర్లేదు, తార్నాకలో ఏ వీధిలోనైనా నాలుగు గుమ్మాల ముందు ఆగి అడిగితే చాలు. అయితే ఈ ప్రసంగం వెళ్లినవాళ్ల గురించి కాదు. వెనక ఇంట్లో మిగిలిన ఇద్దరి గురించి, ఆ ఇద్దరి చుట్టూ మిగిలిన సామాను గురించి.

తార్నాకనే ఎంచుకోవడం ఎందుకంటే, ఈ పేట పుట్టుకలోనే సామాను పేరుకుపోయే గుణం ఉంది. 1918లో మొదలై అద్దె బంగళాల్లో పాఠాలు చెప్పుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ వైపు సొంత నేలకు తరలింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తలుపులు తెరిచింది. ఇప్పుడు ఐఐసీటీ అంటున్న రసాయన పరిశోధనశాలకు మూలం 1944 నాటిది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. ఇంగ్లీషు బోధనకు పేరుపడ్డ సీఫెల్, నేటి ఇఫ్లూ, అదే ఏడాది మొదలైంది. భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో, సీసీఎంబీ 1977లో. ఇటు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వీటన్నిటికంటే పాతది. ఇన్ని సంస్థల జీతగాళ్లు, అంటే ఆచార్యులు, శాస్త్రవేత్తలు, లైబ్రేరియన్లు, రైల్వే గుమస్తాలు, తలా రెండొందల గజాలు కొనుక్కుని, విజయపురి కాలనీ, నాగార్జున నగర్ లాంటి చోట్ల ఇల్లు కట్టుకున్నారు. చదివే అలవాటు, దాచే అలవాటు, లెక్క రాసే అలవాటు ఉన్న జనం. కరెంటు బిల్లు కూడా చింపని జనం. గట్టి స్లాబు వేసిన ఇళ్లు, ప్రతి గదికీ తలుపు మీద ఒక సజ్జ. ఆ సజ్జలే ఇప్పటి సమస్య.

నిజానికి సజ్జ మీది సామాను ఎవరినీ ఏమీ అనదు. ముప్ఫై ఏళ్లు అలాగే ఉండగలదు. దాన్ని కిందికి దించే సందర్భాలు తార్నాకలో మూడే కనిపిస్తాయి.

మొదటిది క్వార్టర్సు. క్యాంపస్‌లో ప్రభుత్వ ఇంట్లో పాతికేళ్లున్నవాళ్లు ఉద్యోగ విరమణ తర్వాత తాళంచెవి అప్పజెప్పాలి. మామిడిచెట్టు, వెనక వాకిలి, స్కూటరు షెడ్డు ఉన్న ఇంటి నుంచి మూడో అంతస్తు ఫ్లాటుకు మారాలి. తెలంగాణ ప్రభుత్వం 2025లో విశ్వవిద్యాలయ ఆచార్యుల విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది కాబట్టి కొందరికి ఈ గండం ఐదేళ్లు వాయిదా పడింది. ఐదేళ్లలో సామాను తగ్గుతుందనుకునేవాళ్లు సామాను సంగతి తెలియనివాళ్లు.

రెండోది ఇల్లు డెవలప్‌మెంటుకు ఇవ్వడం. పాత ఇల్లు బిల్డరుకిస్తే కూలగొట్టి అపార్ట్‌మెంటు కడతాడు, యజమానికి కొన్ని ఫ్లాట్లు వస్తాయి. సంతకాలయ్యాక కొద్ది నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. 1980లలో కట్టిన ఇల్లు అప్పుడు మొదటిసారి పూర్తిగా కిందికి దిగుతుంది. గడువు పెట్టి సర్దుతున్నప్పుడు మంచీచెడూ చూసే తీరిక ఉండదు. విలువైనది కబాడీ బండెక్కుతుంది, పనికిరానిది జాగ్రత్తగా అట్టపెట్టెలో కొత్త ఇంటికి చేరుతుంది.

మూడోది కాలు జారడం. ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మరణాల్లో ఎక్కువ పాలు అరవై దాటినవాళ్లవే. మెట్ల మీద పేర్చిన పాత పేపర్లు, మంచం పక్క నుంచి పాకే వైరు, స్నానాలగది ముందు ముడతలు పడ్డ గుడ్డ పట్టా, సజ్జ అందుకోవడానికి ఎక్కే ప్లాస్టిక్ స్టూలు. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక వాకర్ తిరగడానికి చోటు కావాలని అల్లుడో, మేనల్లుడో వచ్చి ఒక్క ఆదివారంలో ఇల్లు ఖాళీ చేస్తారు. ఆ రోజు ఏది ఉండాలో ఏది పోవాలో నిర్ణయించేది ఇంటివాళ్లు కాదు. కాళ్లూ చేతులూ ఆడుతున్నప్పుడే ఈ పని పెట్టుకోవాలనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

సరే, సజ్జ దించారు. అందులో ఏముంది?

పెద్దవాళ్ల సామాను తక్కువ. అదే విచిత్రం. ఎక్కువ భాగం పిల్లలది, లేదా పిల్లల కోసమని దాచింది. ఎంసెట్ కోచింగ్ మెటీరియల్, రబ్బరు బ్యాండు కరిగి అట్టకు అంటుకుపోయిన హాల్ టికెట్లు, బారన్స్ వారి జీఆర్‌ఈ పుస్తకం, అందులో మొదటి నలభై పేజీల వరకే పెన్సిలు గీతలు. క్యారమ్ బోర్డు, ఒక చక్రం లేని స్కేటింగు బూట్లు, పదో తరగతి సెండాఫ్ ఫొటో, సీఆర్‌టీ మానిటరు, దాని అట్టపెట్టె కూడా. ఇంటర్ రికార్డు పుస్తకంలో కప్ప బొమ్మ. ఆ కప్ప బొమ్మ వేసింది అమ్మే.

ఇక ఇత్తడి, స్టీలు. తెలుగింట్లో గిన్నెకు పేరు కొట్టించడమనే ఆచారం ఉంది కదా. స్టీలు సామాను కొట్లో ఒక కుర్రాడు చిన్న మిషనుతో టకటకమని చుక్కల అక్షరాలు కొడతాడు. ఫలానావారి గృహప్రవేశం, ఫలానా చిరంజీవి ఉపనయనం, కింద తేదీ. ఒక్క మరచెంబు తిప్పి చూస్తే ఎవరి పెళ్లికి ఎవరు ఏమిచ్చారో మొత్తం బయటపడుతుంది. ఇచ్చినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. పేరున్న గిన్నెను పాతసామానువాడికి వెయ్యడమంటే పేరునే వేసినట్టు అనిపించి చెయ్యి వెనక్కి వస్తుంది. పైగా ‘అమ్మాయికి పనికొస్తుంది’ అన్న మాట సిద్ధంగా ఉంటుంది. అమ్మాయి న్యూజెర్సీలో రెండు నాన్‌స్టిక్ పెనాలు, ఒక ఇన్‌స్టంట్ పాటుతో కాపురం చేస్తోంది. ఆరు లీటర్ల ఇత్తడి గుండిగ ఆమె పొయ్యి మీద కూర్చోదు కూడా.

వదలలేకపోవడం తెలుగువాళ్ల జబ్బేమీ కాదు. 1990లో అచ్చయిన ఒక ప్రయోగంలో డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, అమ్మమన్నారు. మిగిలిన సగం మందిని కొనమన్నారు. కప్పు చేతికొచ్చి కొన్ని నిమిషాలే అయినా, అమ్మేవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. కొన్ని నిమిషాల కప్పుకే అంత మమకారమైతే 1987 నాటి గృహప్రవేశపు గిన్నె సంగతి చెప్పక్కర్లేదు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎకర్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త ముసలితనంలో జనం తమ సామానును ఏం చేస్తారన్నదే ఏళ్ల తరబడి పరిశోధించారు. యాభై దాటిన కొద్దీ వస్తువులు వదిలించుకునే పని క్రమంగా మందగిస్తుందని ఆయన బృందం తేల్చింది. ఓపిక తగ్గుతుంది, సామాను తగ్గదు.

ఇల్లు తేలిక చేసుకోవడం మీద విదేశీ పుస్తకాలకు లోటు లేదు. జపాన్‌కు చెందిన మేరీ కోండో వస్తువును చేతిలోకి తీసుకుని, సంతోషం కలిగితే ఉంచమంటుంది, లేకపోతే కృతజ్ఞత చెప్పి పంపమంటుంది. ముగ్గురు పిల్లలు పుట్టాక ఇంటి సర్దుడు తానూ కొంత వదిలేశానని 2023లో ఆమే చెప్పింది. ఆ మాటతో చాలామంది ఇల్లాళ్లకు ఆమె మీద గౌరవం పెరిగి ఉంటుంది. స్వీడన్ చిత్రకారిణి మార్గరెటా మాగ్నుసన్ 2017లో ఇంకో పుస్తకం రాసింది. మనం పోయాక పిల్లలు మన చెత్త ఏరుకునే పని పెట్టకుండా, ఉండగానే సర్దుకోవాలన్నది ఆమె వాదం. భర్త పోయాక పెద్ద ఇల్లు ఖాళీ చేసిన అనుభవంతో రాసింది కాబట్టి అందులో ఉత్త ఉపదేశం లేదు.

అయినా ఈ రెండు పద్ధతులూ తార్నాకలో పూర్తిగా నడవవు. కారణం ఉంది. మన ఇళ్లల్లో ‘పారెయ్యడం’ అన్న పనికి ఎప్పుడూ మర్యాద లేదు. ‘ఇవ్వడం’ అన్న పనికి ఉంది. పాత చీర పనిమనిషికి, పాత స్వెటరు వాచ్‌మన్ పిల్లవాడికి, పాత పుస్తకం కింది తరగతివాడికి. తీసుకునే చెయ్యి కళ్లముందు కనబడితే తెలుగువాళ్లు చటుక్కున ఇచ్చేస్తారు. కనబడకపోతే మళ్లీ సజ్జ ఎక్కిస్తారు. ఏడాదికోసారి భోగి మంట ఉంది గదా అంటారు. నిజమే, అరిగిపోయిన చాపలు, విరిగిన కుర్చీకాళ్లు ఆ మంటకు సరిపోతాయి. పాలిష్ చేసిన ప్లైవుడ్డు, రెగ్జిన్ సోఫా, టైరు వేస్తే వీధంతా దగ్గే. పైగా భోగి మంట ఎవరికీ ఏమీ ఇవ్వదు. అందువల్ల ఇల్లు సర్దాలనుకునేవాళ్లు మొదట రాసుకోవాల్సింది వస్తువుల జాబితా కాదు, తీసుకునేవాళ్ల జాబితా.

తీసుకునేవాళ్లలో కొందరు గుమ్మం దగ్గరికే వస్తారు. గంప నెత్తిన పెట్టుకుని పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్లు ఇంకా పూర్తిగా మాయం కాలేదు. అయితే ఆ బేరంలో పది చీరలు వెళ్లి రెండు డబ్బాలు ఇంట్లోకి వస్తాయి కాబట్టి ఇల్లు తేలిక కావడం అనుమానమే. రికార్డు చేసిన గొంతుతో మైకు పెట్టుకుని తిరిగే ట్రాలీ ఆటో ఇనుము, ప్లాస్టిక్, పేపర్లు తీసుకుంటుంది. జరీ కోసం పాత పట్టుచీరలు కొనేవాళ్లున్నారు. ఇత్తడి, రాగి తూకానికి మంచి ధరే పలుకుతాయి. పేరు కొట్టించిన గిన్నెల్లో ఒకటి రెండు ఉంచుకుని, మిగిలినవి ఆ పేరుగలవాళ్ల పిల్లలకే పంపితే కాదనేవాళ్లు తక్కువ. తమ తాతగారి పేరున్న చెంబు అంటే ఎవరికైనా ముచ్చటే. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2023 మేలో ఒక ఉద్యమంలా ఊరూరా ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు తెరిపించింది. వాడదగ్గ బట్టలు, బొమ్మలు, పుస్తకాలు అక్కడ ఇచ్చే ఏర్పాటు అది. పాత టీవీలు, మానిటర్లు, ఫోన్లు మాత్రం మామూలు చెత్తలో వెయ్యరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే.

పెళ్లి వీడియో క్యాసెట్ల విషయంలో ఆలస్యం పనికిరాదు. వీసీఆర్ తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. టేపుకు బూజు పడుతోంది, తిప్పే యంత్రాలు కరువైపోతున్నాయి. నాలుగు గంటల తలంబ్రాల క్యాసెట్టు ఎవరూ చూడరనుకున్నా, అందులో మూడు నిమిషాలు నాయనమ్మ నవ్వుతూ కనబడుతుంది. ఆ మూడు నిమిషాల కోసమైనా డిజిటల్ చేయించాలి. తర్వాత క్యాసెట్టు సంగతి ఎలా ఉన్నా ఫర్వాలేదు.

అన్నిటికంటే కష్టం పుస్తకాలు. ఆచార్యుల ఇళ్లల్లో అవి గోడలు దాటి మంచం కిందికి, మంచం కింద నుంచి వంటింటి అలమరలోకి పాకుతాయి. పిల్లలకు అక్కర్లేదు. అమెరికాలో వాళ్లింట్లో తెలుగు పుస్తకం చదివే మనిషి లేడు. లైబ్రరీకి ఇచ్చేద్దాం అన్నది అందరూ చెప్పే మొదటి మాట. ఏ లైబ్రరీ కూడా కట్టలు కట్టలుగా వచ్చినదంతా కళ్లకద్దుకుని తీసుకోదు. వాళ్ల దగ్గర ఇప్పటికే పది ప్రతులున్న పుస్తకం వాళ్లకూ బరువే. ముందు జాబితా రాసి పంపాలి, ఏవి కావాలో వాళ్లు టిక్కు పెడతారు.

చరిత్ర చూస్తే ఒక మనిషి ఇంటి అలమర నుంచి పెద్ద గ్రంథాలయం మొలవడం హైదరాబాదుకు కొత్త కాదు. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం రామకోటిలో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే పుట్టింది. బాగ్‌లింగంపల్లిలో 1988లో ఏర్పడిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికి పునాది పుచ్చలపల్లి సుందరయ్య సొంత పుస్తకాలు. అబ్దుల్ సమద్ ఖాన్ అనే హైదరాబాదీ జీవితమంతా కూడబెట్టిన అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికల సంపదను 1990లలో షికాగో విశ్వవిద్యాలయం ముందుండగా కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి కొన్నాయి. సంపద మాత్రం సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉంది. 2000 ఆగస్టు వరదల్లో ఆ భవనంలోకి నీళ్లొచ్చి పుస్తకాలు తడిసి ముద్దయినప్పుడు వాటిని కాపాడటానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. ఇవ్వగానే పని అయిపోదని, ఇచ్చిన చోట దాన్ని కాపాడే మనుషులుండాలని ఆ వరద చూపించింది.

ఉస్మానియా తెలుగు శాఖలో పనిచేసిన బిరుదురాజు రామరాజు ఊళ్లు తిరిగి జానపద గేయాలు సేకరించి, 1956లో వాటి మీద డాక్టరేట్ అందుకున్నారు. తాళపత్ర గ్రంథాలూ సేకరించారు. అప్పటికి అవి ఎవరి ఇళ్లల్లోనో ఎవరూ ముట్టని కట్టలే. ఇప్పుడు తార్నాక సజ్జల మీద ఉన్న వాటిలోనూ అలాంటివి ఉంటాయి. నవలల సంగతి బెంగలేదు, వాటిని రాజ్‌రెడ్డి గారి మిలియన్ బుక్స్ ప్రాజెక్టు పేరిట హైదరాబాదులో స్కాన్ చేసిన రోజులున్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఎవరూ స్కాన్ చెయ్యనివి వేరే ఉన్నాయి. కాలేజీ మ్యాగజైన్లు, యూనియన్ కరపత్రాలు, సంఘాల సావనీర్లు, ఊరి గుడి చరిత్ర మీద ఎవరో అచ్చు వేయించిన ఇరవై పేజీల పుస్తకం, నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన చిన్న పత్రిక. కబాడీవాడికి ఇవి కూడా కిలోల్లోనే లెక్క. ఇల్లు సర్దేవాళ్లు విడిగా తీయాల్సిన కట్ట ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. మిగిలినవాటికి ఆబిడ్స్ ఆదివారం బజారు ఉంది, కోఠి ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలు కాస్త కొత్తవైతే క్యాంపస్ హాస్టళ్లలో, మాణికేశ్వరి నగర్ గదుల్లో అందుకునేవాళ్లు బోలెడుమంది. ఇరవై ఏళ్ల నాటి జీఆర్‌ఈ పుస్తకం ఎవరికీ ఇవ్వకండి, అది దానం అనిపించుకోదు.

ఇక కాగితాలు. ఇక్కడ తొందర వద్దు. కరెంటు బిల్లుల కట్టల మధ్య డబ్బు దాగి ఉంటుంది. పదేళ్లుగా లావాదేవీ లేని బ్యాంకు ఖాతాల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. చేరినా హక్కుదారు ఎప్పుడైనా అడిగి తీసుకోవచ్చు. ఏ బ్యాంకులో పేరు మీద ఏముందో వెతుక్కోవడానికి 2023 ఆగస్టు 17న రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ ప్రారంభించింది. క్యాంపస్ బ్రాంచిలో రిసెర్చి స్కాలరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా, పిల్లవాడి పేరు మీద వేసి మరచిన ఫిక్సుడు డిపాజిట్ అక్కడ దొరకవచ్చు. 1990లలో జనమంతా ఎగబడి కొన్న షేర్ల కాగితాలు ఇంకో సంగతి. కాగితం రూపంలో ఉన్న షేర్లను 2019 ఏప్రిల్ నుంచి మామూలుగా అమ్మి బదిలీ చెయ్యడం కుదరదు, డీమ్యాట్ చేయించుకోవాలి. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే షేర్లే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. తిరిగి తెచ్చుకునే దారి ఉంది, కాకపోతే ఆ దారిలో దరఖాస్తులు, సంతకాలు, ఎదురుచూపులు ఉన్నాయి. అరవై ఐదేళ్లకు అది కష్టం, ఎనభైకి అసాధ్యం. డాలస్‌లో ఉన్న కొడుక్కి ఆ కంపెనీ పేరు కూడా తెలియదు.

ఇంటి దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, పింఛను ఉత్తర్వు, బీమా పాలసీలు ఒక ఫైల్లో ఉండాలి. ఆ ఫైలు ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. చాలా ఇళ్లల్లో ఆయనకే తెలుసు. వీలునామా మాట ఎత్తితే అపశకునం అనుకునే పాత పద్ధతి చదువుకున్న ఇళ్లల్లోనూ ఉంది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. రిజిస్టరు చేయిస్తే తర్వాత తగాదాలకు ఆస్కారం తగ్గుతుంది. ఇంత తేలికైన కాగితం లేకపోవడం వల్ల పిల్లలు సెలవు పెట్టుకుని వచ్చి కోర్టుల చుట్టూ తిరుగుతారు.

వంటింటికి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది, దాని మాట వినడానికి ఇబ్బంది లేదు. ఆ సంస్థ చెప్పే రెండు వేల కేలరీల నమూనా పళ్లెంలో రోజుకు మనిషికి ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె, నెయ్యి లాంటి కొవ్వులు 27 గ్రాములు. ఇద్దరికి నెలకు లెక్కేస్తే ధాన్యం 15 కిలోలు, కొవ్వు ఒకటిన్నర కిలో పైచిలుకు. వయసు మీరినవాళ్లు అంత కూడా తినరు. ఇద్దరున్న ఇంట్లో ఇంకా 25 కిలోల బియ్యం సంచి, ఐదు లీటర్ల నూనె డబ్బా నెలనెలా దిగుతున్నాయంటే ఆ కొనుగోలు ఇల్లు నిండుగా ఉన్న రోజుల అలవాటు. పురుగు పట్టిన కందిపప్పు ఎండలో ఆరబోసే పని ఆవిడకు, ఆ సంచులు మోసే పని ఆయనకు. ఆరుగురికి సరిపడా రుబ్బే గ్రైండరు, ఇరవై మంది భోంచేసే స్టీలు కంచాలు, ఊరగాయ జాడీలు ఇక్కడే తేలాలి. ఒకటి మాత్రం నిజం. పండక్కి పిల్లలు, మనవలు దిగితే పెద్ద కుక్కరు కావాలి. ఒక్కటి ఉంచండి. మూడు అక్కర్లేదు.

ఇంతకీ పిల్లలు ఏమంటారు? ఫోనులో అడిగితే జవాబు రెండు రకాలు. ‘అన్నీ పడేయండి నాన్నా’ అనేవాళ్లు ఒకరు, ‘ఏదీ ముట్టుకోవద్దు, వచ్చినప్పుడు చూస్తా’ అనేవాళ్లు ఇంకొకరు. మొదటివాళ్ల మాట నమ్మి పడేస్తే ఐదేళ్ల తర్వాత స్టాంపుల ఆల్బమ్ ఏదని అడుగుతారు. రెండోవాళ్లు డిసెంబరులో రెండు వారాలకు వస్తారు. అందులో తిరుపతి ఉంది, రెండు పెళ్లిళ్లు ఉన్నాయి, పళ్ల డాక్టరు ఉన్నాడు. గది తలుపు తెరవకుండానే వెళ్లిపోతారు. ఇక్కడ పెద్దవాళ్లు కాస్త గట్టిగా ఉండాలి. వీడియో కాల్‌లో ఒక్కో వస్తువూ చూపించి అక్కడికక్కడే మాట తీసుకోవడం, ఒక్కొక్కరికి ఒక్క ట్రంకుపెట్టె కేటాయించడం, అందులో పట్టినంతే ఉంచుతామని చెప్పడం. విమాన సంస్థ 46 కిలోలని చెబితే నోరెత్తని పిల్లలు అమ్మ ఒక్క పెట్టె అంటే అలగకూడదు. ఆవిడ ఇల్లు వాళ్ల గోడౌను కాదు.

ఇల్లు సర్దాక గది మిగులుతుంది. తార్నాకలో ఖాళీ గదికి విలువ ఉంది. ఉస్మానియా, ఇఫ్లూ, సీసీఎంబీ, ఐఐసీటీ చుట్టూ గది కోసం తిరిగే పరిశోధక విద్యార్థులు ఎప్పుడూ ఉంటారు. మెట్రో 2017 నవంబరులో వచ్చాక ఉద్యోగస్తులూ చేరారు. అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. కొందరు దంపతులకు అద్దె కంటే రాత్రి పూట ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడన్న ధైర్యం ముఖ్యం. కొందరికి ఆ మనిషే తలనొప్పి. వరంగల్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పిల్లకు హాస్టలు మెస్సు పడక, వంటింట్లో ఒక పొయ్యి తనకూ ఇమ్మంటుంది. ఆంటీ సరేనంటుంది, అంకుల్ ఫ్రిజ్‌లో రెండో అర ఎవరిదో ముందే తేల్చమంటాడు.